పదివేల గంటల పైలట్

పుష్యమాసంలో తెల్లవారుజామున కైకలూరు నుంచి ఆకివీడు వైపు వెళ్తుంటే, ఎదురొచ్చే చేపల లారీ దగ్గరికొచ్చేదాకా కనపడదు. చెరువేదో గట్టేదో తెలీదు. రోడ్డు మీదున్నవాడు బండి పక్కన ఆపి టీ తాగొచ్చు. గాల్లో ఉన్నవాడికి ఆ సదుపాయం లేదు.

2002 మార్చి 3 ఉదయం లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి భీమవరంలో హెలికాప్టర్ ఎక్కి హైదరాబాద్ బయల్దేరారు. కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో అది చేపల చెరువులో కూలింది. బాలయోగి, అంగరక్షకుడు, పైలట్, ముగ్గురూ పోయారు. ముందేముందో సరిగా కనపడని ఉదయం అది. కింద దారి చూపించే పరికరమేదీ లేదు, ఉన్నవి చెరువులే.

గన్నవరం విమానాశ్రయానికి వచ్చే పెద్ద విమానాల సంగతి వేరు, వాటికి ఐఎల్ఎస్ ఉంది. రన్‌వే దగ్గర్నుంచి రెండు రేడియో సంకేతాలు వస్తాయి. ఒకటి కుడి ఎడమలు సరిచేస్తుంది, రెండోది ఎత్తు చెబుతుంది. కాక్‌పిట్‌లో రెండు గుర్తులూ మధ్యలో నిలబెడితే మూడు డిగ్రీల వాలులో దిగిపోవచ్చు. నోటిలెక్క కూడా ఉంది. రన్‌వేకి పది నాటికల్ మైళ్ల దూరంలో ఉంటే ఎత్తు దాదాపు మూడువేల అడుగులుండాలి, అయిదు మైళ్లకి పదిహేను వందలు. మామూలు ఐఎల్ఎస్‌లో 200 అడుగులకి వచ్చేసరికి దీపాలు కనపడాలి, కనపడకపోతే మళ్లీ పైకి లేవాలి. దాన్నే గో అరౌండ్ అంటారు. అక్కణ్నుంచి నేల పదిహేను ఇరవై సెకన్ల దూరం.

ఇంత సుళువైన లెక్క ఎవరికి తప్పుతుంది? కొత్తవాళ్లకే అనుకుంటాం. ప్రమాద నివేదికలు చదవడం నాకున్న పిచ్చుల్లో ఒకటి. వాటిలో నన్ను ఎక్కువసేపు ఆపేసేది పాతకాపులే.

2010 మే 22, మంగళూరు. దుబాయ్ నుంచి వస్తున్న విమానం. కెప్టెన్‌కి పదివేల గంటల పైచిలుకు అనుభవం. దారిలో గంటన్నరకు పైగా నిద్రపోయాడు, గురక రికార్డయింది. లేచేసరికి దిగే వేళ. వాతావరణం బాగానే ఉంది. ఐఎల్ఎస్ మీద వస్తున్నారు కానీ, ఉండాల్సిన ఎత్తుకి దాదాపు రెట్టింపులో ఉన్నారు. నోటిలెక్క ఒక్కసారి వేసినా తెలిసేది. కెప్టెన్ ముక్కు కిందికి వంచి దూకించాడు. కో పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నాడు. హెచ్చరిక యంత్రమూ అరుస్తూనే ఉంది. 8 వేల అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక విమానం నేలకానింది. బ్రేకులు వేశాక మనసు మార్చుకుని మళ్లీ లేపబోయాడు. చివర్న ఐఎల్ఎస్ యాంటెన్నా ఉన్న కాంక్రీటు దిమ్మెకి రెక్క తగిలింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. గల్ఫ్‌లో మనవాళ్లున్న గోదావరి జిల్లాల్లో ఆ పొద్దున ఎన్ని ఫోన్లు మోగి ఉంటాయో.

నిద్రమత్తు కారణమే, కాదనను. మత్తు ఒక్కటే అనుకోను. ఎత్తు ఎక్కువైన విమానాన్ని ఎలాగో సర్దుకుని దించడం ఆయన అంతకుముందు చేసే ఉంటాడు. అది ఒప్పయిన ప్రతిసారీ తనమీద తనకి నమ్మకం కొంచెం పెరిగి ఉంటుంది.

1997 ఆగస్టు 6న గ్వాం ద్వీపంలో కూలిన కొరియన్ విమానం విషయంలోనూ అంతే. అక్కడ ఎత్తు చెప్పే సంకేతం పనిచేయడం లేదని ముందే చెప్పారు. అయినా అది పనిచేస్తోందా అని కొరియన్ కెప్టెన్ కాక్‌పిట్‌లో మళ్లీ మళ్లీ అడిగాడు. గ్వాంలో దిగడం ఆయనకి కొత్త కాదు. రాత్రి, వాన, రన్‌వేకి మూడు మైళ్లు ముందు ఓ కొండ. 228 మంది పోయారు.

దిగడానికి రన్‌వే వైపు రావడాన్ని అప్రోచ్ అంటారు. సరిగా కుదరని అప్రోచ్‌ల్లో వందకి 97 అలాగే నేలదాకా వెళ్తాయని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం. అవన్నీ దాదాపు క్షేమంగానే దిగుతాయి. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఓ జనవరిలో హైదరాబాద్ నుంచి గన్నవరం వస్తున్నాను. చక్రాలు దిగిన శబ్దం అయింది. కింద మంచు చిరుగుల్లోంచి కొబ్బరి తలలు కనిపించాయి. అంతలో ఇంజిన్లు గర్జించి విమానం పైకి లేచింది. పక్క సీటు రొయ్యల వ్యాపారి ఊరుకోలేదు. “ఏంటండీ, నేల కనపడుతుంటే లేపేశాడు? కుర్రాడేమో!” కనపడింది కిటికీలోంచి కిందికి చూసే మనకి. పైలట్‌కి ముందు రన్‌వే కనపడాలి. గో అరౌండ్ చేసినందుకు పైలట్‌ని అడగకూడదని చాలా సంస్థల్లో నియమం ఉంది. ప్రయాణికులకి అలాంటి నియమం లేదు.

ఇంకో నియమం ఉంది. రెండుసార్లు చెప్పినా కెప్టెన్ పలక్కపోతే కో పైలట్ కంట్రోల్స్ తీసుకోవాలి. మంగళూరులో మూడుసార్లు చెప్పినతను తీసుకోలేదు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కారు నడుపుతున్నది పెద్దాయనైతే “కాస్త మెల్లగా పోనివ్వండి బావగారూ” అనడానికి గుడివాడ నుంచి ఏలూరు దాకా మొహమాటపడే మనుషులం.