సెలవా, నాగానా?

మన భాషలో 'సెలవు' అంటే అనుమతి. పెద్దలు సెలవిస్తారు, మనం తీసుకుంటాం. ఇచ్చేవాళ్ళు లేకుండా సెలవు లేదు. ప్రసూతి సెలవు చట్టాన్ని కథలా చదివితే దాని లోపమంతా ఈ మాటలోనే కనిపిస్తుంది.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 12 వారాలిచ్చింది. 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చేసింది. ఉద్యోగాల్లో ఉన్న మనం సంతోషించాం. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. అయినా కథానాయిక మారలేదు. ఫ్యాక్టరీలోనో, గనిలోనో, తోటలోనో, కనీసం పదిమంది పనిచేసే సంస్థలోనో ఉండాలి. కాన్పుకి ముందు ఏడాదిలో ఆ యజమాని దగ్గరే 80 రోజులు పనిచేసి ఉండాలి.

ఈ కథలోకి సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) మండలంలో నాట్లు వేసే స్త్రీని తెచ్చి చూడండి. గుత్తకు మాట్లాడుకున్న గుంపులో ఆమె ఒకతె. ఇవాళ ఒకరి మడి, రేపు మరొకరిది. ఏ రైతు దగ్గర 80 రోజులు లెక్కపెట్టాలి? ఆ రైతే రెండెకరాల కౌలుదారు కావచ్చు. ఆమె పనికి రాకపోతే దాన్ని సెలవు అనరు, 'నాగా' అంటారు. కూలి పోతుంది, అంతే.

అసంఘటిత కార్మికుల ప్రసూతి ప్రయోజనాలకు కేంద్రం పథకాలు చేయాలని మాత్రం స్మృతి చెబుతుంది. ఎన్ని వారాలో, ఎంత కూలో చెప్పదు. ఉద్యోగికి హక్కు, కూలికి పథకం! 2017 జూన్‌లో రాష్ట్రం ప్రారంభించిన కేసీఆర్ కిట్‌లో సర్కారు దవాఖానాలో కాన్పయితే 12 వేలు, ఆడపిల్లయితే 13 వేలు ఇస్తామన్నారు. అవసరమైన డబ్బే. కానీ 12 వేలను 26 వారాలకు పంచితే రోజుకి 66 రూపాయలు కూడా నిండవు. ఆ డబ్బుతో ఏ బాలింత ఆర్నెల్లు ఇంట్లో కూర్చోగలదు?

ఇక తండ్రికి ఈ స్మృతిలో ఒక్కరోజూ లేదు. పిల్లకి జ్వరమొచ్చినా, అత్త మంచం పట్టినా నాగా ఆమెదే.

యజమాని ఒక్కడే లేడన్నది సాకు కాకూడదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే కట్టడాల మీద సెస్సు వేసి, ప్రసూతి సాయమూ అందించే నిధికి దారి వేశారు. మిర్యాలగూడ మిల్లులకు చేరే ధాన్యం వెనుక నడుం వంచిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళ కోసం అలాంటి నిధి ఎందుకు ఉండకూడదు? సెలవుని యజమానితో కాదు, పనితో ముడిపెట్టాలి. మన 26 వారాల గురించి రాసేటప్పుడు ఆమె నాగాలనూ లెక్కలోకి తెద్దాం.