వెదికితే కనబడనిది లేనట్టేనా?

హోసూరు తెలుగు మీద పనిచేస్తున్న మా విద్యార్థిని ఒకరు, ఒకానొక మాట తన సామగ్రిలో ఎక్కడా లేదని అధ్యాయంలో రాసి తెచ్చింది. ఎలా తెలిసిందని అడిగాము. కంప్యూటర్‌లో వెదికానంది. ఆ మాట ఆమె సేకరించిన కథల్లోనే ఉంది! తప్పు ఆమె ఒక్కతెది కాదు కనుక ఈ నాలుగు మాటలు.

డెస్క్‌టాప్ సెర్చ్ ఉపకరణాలు మనం అడిగినప్పుడు ఫైళ్లన్నీ తిరగెయ్యవు. ముందే చదివి, గ్రంథం చివరి పదసూచి వంటిదొకటి కట్టుకొని, అందులో చూసి చెబుతాయి. 2004లో వచ్చి 2011లో ఆగిపోయిన గూగుల్ డెస్క్‌టాప్ పద్ధతి ఇదే; విండోస్ సెర్చ్, రికోల్ పద్ధతీ ఇదే. వేగం మెచ్చుకోదగినదే.

చిక్కంతా తెలుగు దగ్గర. 'ఇల్లు' అని అడిగితే 'ఇంటికి', 'ఇళ్లలో' రావు. ఇంగ్లీషు మాటల రూపభేదాలను ఒక్కచోట చేర్చే ఏర్పాటు రికోల్‌లో ఉంది. తెలుగుకైతే 'ఇంట' అని రాసి పక్కన నక్షత్రం గుర్తు పెట్టి మనమే అడగాలి. 'ఇళ్ళు', 'ఇళ్లు' వేర్వేరుగా అడగాలి. మాండలికాన్ని విన్నది విన్నట్టు రాసేవారికి ఇదీ చాలదు. 'మాయింట్లో' అని రాసుకుంటే మాట మొదలే మారిపోయింది, ఇక నక్షత్రం ఏం చేస్తుంది? సంధి మన వ్యాకరణంలో మొదటి పాఠం. ఈ యంత్రాలకు ఇంకా చివరి పాఠమైనా కాలేదు.

ఈమెయిళ్ల సంగతి మరొకటి. ఒకే ఊరు ఒక ఉత్తరంలో బరంపురం, ఒకదానిలో బెర్హంపూర్, ఇంకొకదానిలో బ్రహ్మపుర. పైగా బ్రౌజర్‌లో మాత్రమే చదివే ఉత్తరాలు మన డిస్కు మీదికి దిగవు కనుక సూచిలోకీ ఎక్కవు.

అసలు దెబ్బ పాత ఫాంట్లది. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు తెరమీద తెలుగే, లోపల మాత్రం రోమన్ అక్షరాల సంకేతాలు. యూనికోడ్‌లో అడిగిన మాటకు అది పలకదు. స్కాన్ చేసిన పుటలైతే అక్షరాలను గుర్తింపజేసేదాకా వట్టి బొమ్మలే.

ఇన్ని పరిమితులుండి, తెరమీద 'ఫలితాలు లేవు' అని తేల్చి చెప్పడాన్ని మేము తప్పుపడతాము. 'నేను చదవగలిగినంతలో లేవు' అనాలి. ఏ ఫైళ్లు చదవలేకపోయిందో ముందు పుటలోనే చూపాలి.

ఆ విద్యార్థిని పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ వెదికింది. మాట నాలుగు చోట్ల దొరికింది. అధ్యాయంలో ఆ వాక్యం కొట్టేసింది. దాని మీద కట్టిన రెండు పుటల వాదం ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు.