ఒకరు పడుకుంటే ఒకరు మేలుకొని

ముస్తాబాద్ బస్టాండు పక్క చాయ్ హోటల్లో ఈ వారం ఒక ఫోను నలుగురి చేతులు మారింది. ఇల్లు అమ్మేసి, తెరచాప పడవ కొనుక్కొని, అందులోనే కాపురం పెట్టిన ఒక విదేశీ జంట వీడియో అది. దుబాయి నుంచి చుట్టీ మీద వచ్చిన ఒకాయన దాన్ని కదలకుండా చివరిదాకా చూశాడు. "ఇరవై నాలుగ్గంటలు ఒక్క దగ్గర్నే! సంసారమంటే గిది" అన్నాడు. ఆయన చుట్టీ అయిపోవస్తున్నది.

ఆ మాట వెనకున్న ఆశ ఈ సీమలో ఎవరికి తెలియదు! సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల, ఎటు పోయినా గల్ఫ్ కాపురాలే. రెండేళ్ల కాంట్రాక్టు, రెండు నెలల చుట్టీ, మధ్యలో ఫోన్లో కనిపించే ముఖం. దూరం కాపురాన్ని తినేస్తుందని ఈ కాలమ్ ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉంది. మరి దూరమన్నదే లేని ఆ పడవలో ఏం జరుగుతుంది?

చోటు మాత్రం చాలా ఇరుకు. ఇంగ్లండ్‌కు చెందిన ఎరిక్, సుసాన్ హిస్కాక్ దంపతులు 1952 నుంచి 1955 దాకా ప్రపంచం చుట్టి వచ్చిన 'వాండరర్ త్రీ' పొడవు 30 అడుగులే. లిన్, లారీ పార్డీల 'సెరాఫిన్' 24 అడుగులు. ఇంజను కూడా లేదు. వంట, పడక, తెరచాపలు, సామాను అన్నీ అందులోనే. కోపమొస్తే అరుగు మీదికి పోయి కూర్చుందామన్నా అరుగుండదు.

అంత ఇరుకులోనూ జంట కలిసుండేది తక్కువ. నడిసముద్రంలో ఎవరో ఒకరు ఎప్పుడూ మేలుకొని ఉండాలి. ఓడ ఏదైనా ఎదురొస్తున్నదా, గాలి తిరిగిందా, తెరచాప కొంత దించాలా అని కనిపెట్టుకొని ఉండాలి. మూడు నాలుగు గంటలకోసారి పారా మారుతుంది. కానరీ దీవుల నుంచి కరీబియన్ దాకా అట్లాంటిక్ దాటడానికి సుమారు మూడు వారాలు. అన్నాళ్లూ ఇదే వరస. ఊపుకు కింద పడకుండా పడకకు పక్కన గట్టి గుడ్డ అడ్డం కడతారు. ఒకరు లేచిన పడకలో వెచ్చదనం ఆరకముందే రెండోవారు ఒరుగుతారు. ఎదురుపడేది పారా మారే ఆ కాసేపే. అప్పుడూ గాలి ఎటునుంచి ఉంది, కుడివైపు కనిపించిన దీపం ఏ ఓడది, దిక్సూచి మీద ఎటు పట్టాలి అన్న మాటలే. 2017 సెప్టెంబరులో గోవా నుంచి 'తారిణి' అనే తెరచాప పడవలో బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చిన నౌకాదళ అధికారిణుల్లో మనవాళ్లు పి. స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. అక్కడ పారాలు పంచుకోవడానికి ఆరుగురు. జంట పడవలో ఇద్దరే.

ఒకే చోట ఉండీ ఎదురుపడని ఈ బతుకు సిరిసిల్ల నేత కార్మికులకు వేరే చెప్పాలా? సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసి ఆయన వచ్చేసరికి, ఆమె చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుడుతూ ఉంటుంది.

ఇదంతా తలుచుకున్నప్పుడల్లా మారిస్, మేరలిన్ బెయిలీ గుర్తొస్తారు. ఇంగ్లండ్‌లోని డెర్బీవాళ్లు. ఇల్లు అమ్మి పడవ కొందామన్నది భార్య. 31 అడుగుల ఆ పడవకు ఇద్దరి పేర్లూ కలిపి 'ఆరలిన్' అని పెట్టుకొని, 1972లో న్యూజిలాండ్ పోదామని బయల్దేరారు. కెప్టెన్ భర్తే. బయటి జోక్యం వద్దని ఆయన రేడియో ట్రాన్స్‌మిటర్ కూడా పెట్టనివ్వలేదు. 1973 మార్చి 4న గలాపగోస్ దీవులకు పోయే దారిలో తిమింగలం గుద్ది పడవకు బొక్క పడింది. గంటలోపే మునిగిపోయింది. గాలి నింపిన రబ్బరు తెప్ప, దానికి కట్టిన చిన్న డింగీ, ఆ రెండే 117 రోజుల పాటు వాళ్ల ఇల్లు.

తెప్పలో పెత్తనం చేతులు మారింది. ఈత కూడా రాని మేరలిన్ పిన్నీసు వంచి గాలం చేసింది. చేపలు, తాబేళ్లు, సముద్రపు పక్షులు పచ్చివే తిన్నారు. కాగితంతో పేకముక్కలు చేసుకొని ఆడుకున్నారు. డొక్కలెండిన మారిస్‌ను పక్కన కూర్చోబెట్టుకొని, ఇంటికి పోయాక విందుకు ఏమేం వండాలో ఆమె రాసింది; మళ్లీ కట్టించుకోబోయే పడవకు నమూనా వేసింది. ఏడు ఓడలు వాళ్లను చూడకుండానే పోయాయి. మారిస్ జబ్బుపడి ఆశ వదులుకున్నాడు, ఆమె వదల్లేదు. జూన్ 30న కొరియా చేపల ఓడ ఒకటి వాళ్లను పైకి తీసుకుంది. ఆమె వల్లే బతికానని ఆయన దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఆ రెండో పడవ కూడా కట్టించుకొని ఇద్దరూ మళ్లీ సముద్రమెక్కారు.

దీన్ని ప్రేమకథగా చెప్పేవాళ్లే ఎక్కువ. ప్రేమ ఉండే ఉంటుంది. కానీ ఒకరు పడిపోయినప్పుడు రెండోవారు పని అందుకోగలిగారు, అది పెద్ద సంగతి. పడవ నడపడం నేర్పేవాళ్లు జంటలకు గట్టిగా చెప్పేదీ ఇదే: ఇద్దరికీ అన్ని పనులూ రావాలి, ఒకరు నీళ్లలో పడితే పడవ తిప్పుకొచ్చి తీయాల్సింది రెండోవారే.

అందుకే కాపురాన్ని దూరమే తినేస్తుందంటే ఇప్పుడు చాలదనిపిస్తున్నది. గల్ఫ్ పోయినాయన భార్య ఇక్కడ ఆయన పనులన్నీ నేర్చుకుంది. బోరు మోటారు స్టార్టరు, బ్యాంకు, యూరియా లైను, పిల్లల ఫీజులు ఆమే చూస్తున్నది. ఆమె చేసే పనులు ఆయనకు ఎన్ని తెలుసు? వీసా క్యాన్సిల్ చేసుకొని వచ్చిన మగవాళ్లున్న ఇళ్లలో పేచీలు మొదలయ్యేది ఇక్కడే. ఏళ్లుగా ఇల్లు నడిపిన మనిషి ఒక్కరోజులో పక్కకు జరిగి, డబ్బు ఎక్కడికి పోయిందో లెక్క చెప్పాల్సి వస్తుంది.

ఐకేపీ కొనుగోలు కేంద్రంలో వడ్లలో తేమ 17 శాతం దాటితే తూకం వేయరని ఆమెకు తెలుసు. ఎన్ని రోజులు ఆరబోయాలో, మబ్బు పడితే టార్పాలిన్ ఎవరింట్లో దొరుకుతుందో, తరుగు పేరుతో బస్తాకు ఎంత కోస్తారో ఆమెకు తెలుసు. చుట్టీ కోతల వేళకు పడితే ఆయన ఆ కుప్ప దగ్గర ఒక రాత్రి తానే కాపలా పడుకొని, పొద్దున తూకానికి ఆమె వెంట నిలబడాలి.