టెరోసార్లు క్షీణించి నశించినవా?

ఎగిరే సరీసృపాలయిన టెరోసార్లను గూర్చి పాఠాలలో ఒక కథ తరచు వినిపిస్తుంది. పక్షులు పుట్టిన తరువాత ఇవి పోటీకి నిలువలేక ఒక్కొక్క శాఖగా అంతరించినవనీ, క్రిటేషియస్ యుగాంతానికి అజ్డార్కిడ్ కుటుంబపు మహాకాయులు మాత్రమే మిగిలినవనీ, 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం పడిన గ్రహశకలం ఆ మిగిలినవాటిని కూడ తుడిచిపెట్టినదనీ ఆ కథ. చెప్పడానికి సులువైనదే, చిక్కంతా ఆధారాలలో ఉన్నది.

టెరోసార్ నాలుగవ వ్రేలు మిక్కిలి పొడవుగా సాగి ఉండేది. దానికీ దేహానికీ నడుమ పరచుకొన్న చర్మమే రెక్క. ఎముకలు బోలుగా, పలుచని గోడలతో ఉండేవి. ఇట్టి ఎముక మామూలు ఇసుకలో, వరద మట్టిలో పడితే నలిగి పిండి అవుతుంది. మెత్తని సున్నపు బురద పేరుకొన్న చోట్ల మాత్రమే చక్కగా నిలుస్తుంది. 1784లో కొలిని వర్ణించిన మొట్టమొదటి టెరోసార్ జర్మనీలోని అటువంటి సున్నపురాతి నుండి వచ్చినదే. (మన ప్రాణహిత - గోదావరీ లోయలోని కోట శిలలలో దొరికిన జురాసిక్ నాటి కొద్ది ఎముకలను 1974లో జైన్ వర్ణించినారు. ఆ కొద్దిపాటితో జాతిని నిర్ణయించుట కష్టమైనది.) క్రిటేషియస్ చివరి భాగానికి చెందిన అట్టి శిలలు అరుదు. కనుక ఆనాటి జాతులు తక్కువగా కనబడినవంటే, జాతులే తక్కువని అర్థము కాదు.

ఈ విషయాన్ని గట్టిగా చూపినది 2018లో లాంగ్‌రిచ్, మార్టిల్, ఆండ్రెస్ ప్రకటించిన పరిశోధన. మొరాకోలోని ఫాస్ఫేటు గనుల నుండి, యుగాంతానికి చేరువైన పొరలలో, మూడు కుటుంబాలకు చెందిన ఏడు జాతులను వారు గుర్తించినారు. రెక్కలు చాచిన కొలత రెండు మీటర్లు మొదలు సుమారు పది మీటర్ల వరకు ఉన్నది. క్షీణత కథకు ఇది పెద్ద దెబ్బ.

అయినను ఆ వ్యాసాన్ని కూడ కన్ను మూసికొని ఒప్పుకొనరాదు. కొన్ని జాతులకు ఆధారం ముఖ్యంగా ఒక్క భుజపుటెముకే. టెరనోడాన్ బంధువని పేర్కొన్న టెథిడ్రేకో, రెండు మూడేండ్లలోనే అక్కడ దొరికిన మరొక రెక్కను పరీక్షించగా, అజ్డార్కిడే కావచ్చునని తేలినది. ఆ మాట చెప్పిన ఇద్దరిలో ఒకరు మార్టిలే! అది నిజమైతే మూడు కుటుంబాలు రెండవుతాయి. వైవిధ్యము కొంత తగ్గుతుంది గాని మాసిపోదు.

ఒకే కుటుంబం మిగిలినదనుకొన్నా, ఒకే జీవిత విధానం మిగిలినదనుట పొరపాటు. టెక్సస్‌లో 1971లో లాసన్ కనుగొన్న కెట్జల్‌కోట్లస్ రెక్కలు చాచితే సుమారు పది మీటర్లు. అదే ప్రాంతపు చిన్న జాతికి 2021లో వేరే పేరు పెట్టినారు. దాని కొలత నాలుగున్నర మీటర్లే. ఇవి కొంగల వలె నేలపై నడుస్తూ చిన్న ప్రాణులను ఏరుకు తినేవని 2008లో విటన్, నైష్ వాదించినారు. రుమేనియాలోని హాట్జెగాప్టెరిక్స్ మెడ మాత్రం పొట్టిది, బలిష్ఠమైనది. అది ఇంకా పెద్ద జంతువులను వేటాడగలిగేదని అభిప్రాయము.

ఇక పక్షుల పోటీ. ఆర్కియాప్టెరిక్స్ కాలం నుండి లెక్కించినా ఈ రెండు వర్గాలు 8 కోట్ల సంవత్సరాలు కలిసి బ్రతికినవి. అంత దీర్ఘమైన ఓటమి ఎట్టిదో ఆ కథ చెప్పేవారు వివరించవలసి ఉన్నది. వారి పక్షాన ఒక బలమైన సంగతి లేకపోలేదు: కాకి, పిచ్చుక పరిమాణం గల టెరోసార్లు జురాసిక్‌లో ఉన్నవి, మొరాకోలో కనబడలేదు. పెద్ద జాతుల పిల్లలే ఆ స్థానాన్ని ఆక్రమించినవని కొందరంటారు. కెనడాలోని హోర్న్‌బీ ద్వీపం నుండి 2016లో వర్ణించిన, సుమారు ఒకటిన్నర మీటరు రెక్కల జంతువు మొరాకో జాతులకంటె ఒక కోటి సంవత్సరాలు పాతది. యుగాంతపు పొరలలో అంతకంటె చిన్నది దొరికిననాడు ఈ వాదం మరల విప్పవలసి వస్తుంది.