ఆలిస్ కోల్ట్రేన్: జాజ్ నుండి నామసంకీర్తనము వరకు

విదుషీమణి యొకతె ప్రఖ్యాతుని భార్య యైనచో, లోకము ఆమె విద్యను భర్త కీర్తి నీడలోనే చూచుట పరిపాటి. అమెరికా జాజ్ సంగీతచరిత్రలో ఆలిస్ కోల్ట్రేన్ విషయమున జరిగినది ఇదియే. సాక్సఫోన్ విద్వాంసుడగు జాన్ కోల్ట్రేన్ సహధర్మచారిణి యని చెప్పి ఆమెను విడిచిపెట్టినవారు పెక్కుమంది. ఆమె సంగీతమును దాని కొరకే విని విలువ కట్టుట న్యాయము. అట్లు వినినచో, తరతరములుగా పరభాషాప్రాంతములందు నివసించుచున్న మనవంటివారు ఆలోచింపదగిన విషయ మొకటి అందు గోచరించును.

ఆమె 1937 ఆగస్టు 27న డెట్రాయిట్ నగరమున జన్మించెను. పుట్టింటి పేరు మెక్లౌడ్. బాల్యముననే పియానో అభ్యసించి, నల్లజాతి క్రైస్తవుల ప్రార్థనామందిరములలో గాయకబృందములకు వాద్యసహకార మొసగెను. బానిసత్వమును అనుభవించిన ఆ జాతి తన దుఃఖమును, ఆశను దాచుకొన్న నిధి ఆ మందిరగానమే. జాజ్ సంగీతమునకును అది యొక మూలధార. మన మనోధర్మమువలెనే జాజ్‌లోను విద్వాంసుడు సభలోనే స్వరకల్పన చేయును. ఆలిస్ ఆ విద్యను డెట్రాయిట్ వాద్యకారుల నడుమ నేర్చి, పారిస్ నగరమున బడ్ పవెల్ పియానో శైలిని సమీపమునుండి పరిశీలించెను. 1963లో జాన్‌తో పరిచయ మేర్పడెను. 1965లో వివాహము జరిగెను. 1966లో ఆమె అతని వాద్యబృందమున పియానో స్థానము నలంకరించెను.

1967 జులై 17న జాన్ మరణించెను. ముప్పది యేండ్లు నిండని ఆలిస్‌పై నలుగురు పిల్లల పోషణభారము పడెను. ఆ శోకకాలముననే ఆమె సంగీతము స్వతంత్ర రూపము దాల్చుట గమనింపదగినది. పెద్ద చట్రమున తీగలు బిగించిన హార్ప్ వాద్యమును ఆమె జాజ్‌లో తనదిగా చేసికొనెను. కోయంబత్తూరు ప్రాంతమున జన్మించిన స్వామి సచ్చిదానంద ఆమెకు గురువయ్యెను. 1970లో ధ్వనిముద్రణమై 1971లో వెలువడిన 'జర్నీ ఇన్ సచ్చిదానంద' అను సంపుటికి ఆయన పేరే పెట్టెను. అందు తంబురా శ్రుతి మ్రోగుచుండగా, సెసిల్ మెక్‌బీ బాస్ వాద్యముపై చిన్న స్వరపంక్తిని మరల మరల పలికించును. దానిపై ఆలిస్ హార్ప్, ఫరో సాండర్స్ సాక్సఫోన్ స్వేచ్ఛగా విహరించును. అందు రాగలక్షణమును వెదకువారికి నిరాశ కలుగును. తంబురా మనదే కాని, ఆ స్వరపంక్తిలోని వేదన అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటలది. ఆమె మన సంగీతమును అనుకరింపలేదు. దాని శ్రుతి నాధారముగా గొని తన బాణీనే పలికెను.

ఆమె రచనలన్నియు సమానముగా సఫలములని చెప్పజాలము. భర్త పూర్వము ముద్రించిన వాద్యమునకు తాను తంత్రీవాద్యములు చేర్చి 1972లో 'ఇన్ఫినిటీ' సంపుటిని ప్రకటించెను. దివంగతుని కృతిని మార్చుట తగదని విమర్శకులు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు.

ఆ దశకము ముగియునాటికి ఆమె సభావేదికలనుండియు, వ్యాపారముద్రణలనుండియు వైదొలగెను. తురీయసంగీతానంద యను సన్న్యాసనామము వహించి, పుట్టపర్తి సత్యసాయిబాబాకు భక్తురాలై, 1983లో కాలిఫోర్నియాలోని అగూరా కొండలలో ఆశ్రమమును స్థాపించెను. అచ్చట పాడిన భజనలే, నా దృష్టిలో, ఆమె జీవితమునకు ఫలశ్రుతి. రామ, కృష్ణ, శివ నామములు సంస్కృతములు. ఉచ్చారణమున అమెరికా యాస వినవచ్చును. అక్షరదోషముల నెన్నువాడు అక్కడనే ఆగిపోవును. చెవి యొగ్గి వినినచో, నాయకురాలు పలుకగా జనులందుకొను తీరు, చప్పట్ల నడక, ఆర్గన్ నాదము అన్నియు డెట్రాయిట్ ప్రార్థనామందిరమునుండి వచ్చినవని తెలియును. దేవుని పేరు మారినను, ఆమె తల్లి యింటి గొంతు మారలేదు.

1982లో శిష్యుల కొరకు వెలువరించిన 'తురీయా సింగ్స్' క్యాసెట్టులో కృత్రిమవాద్యముల నాదము ఆమె గాత్రమును కొంత కప్పివేసెను. 2021లో కుమారుడు రవి కోల్ట్రేన్ ఆ పాటలనే గాత్రము, ఆర్గన్ మాత్రముండునట్లు ప్రకటించెను. రెంటిని పోల్చి వినువారికి ఆ గాత్రమునకు అలంకారము లక్కరలేదని బోధపడును.

తమిళనాట సంప్రదాయభజన నెరిగినవారికి ఈ కలయిక వింత కాదు. జయదేవుని సంస్కృతాష్టపది, రామదాసు తెలుగు కీర్తన, మరాఠీ అభంగము అచ్చట నొకే కూర్పులో నడచును. త్యాగరాజు తెలుగుపలుకు తెలుగెరుగని కంఠములలో నేటికిని జీవించుచున్నది. కాని మన యిండ్లలో జరుగుచున్నది వేరు. నేను తెలుగు బోధించు తరగతిలో కీర్తనను శ్రుతి తప్పక పాడు పిల్లలు కలరు. అందలి మాటకు అర్థమడిగినచో మౌనము వహింతురు. ఆలిస్ పరభాషాపదమును స్వీకరించియు తన కంఠమును కాపాడుకొనెను. ఆ పదముల వెనుకనున్న గ్రంథముల నభ్యసించి ఆశ్రమమున ప్రవచించెను. మనమో, బాణీని నిలుపుకొని సొంత పదమునే పోగొట్టుకొనుచున్నాము. అర్థ మెరుగని పాట నొక తరము శ్రద్ధతో పాడును, తరువాతి తరము మర్యాదకై పాడును, ఆపై పాడువారుండరు.

ఆమె 2007 జనవరి 12న పరమపదించెను. ఆశ్రమభవనములు 2018 నాటి కార్చిచ్చులో దగ్ధమైనవి. గానము మిగిలినది. పరుల నుండి గ్రహించుటకు సంకోచింపనక్కరలేదనియు, గ్రహించుటకు ముందు తనదేదో ఎరిగియుండవలెననియు ఆ గానము చెప్పుచున్నది. మన సంఘములు ఉత్సవములందు పిల్లలచే కీర్తనలు పాడించుచున్నవి, సంతోషము. పాడించుటకు ముందు ప్రతి మాటకు అర్థము చెప్పించు బాధ్యతను గూడ స్వీకరింతుము గాక.