తారల లెక్క - భావకుని చూపు: అంతర్జాల ఔత్సాహిక రచనపై ఆదరణసంఖ్యల ప్రభావం

వ్యాససంగ్రహం:
అంతర్జాల కథావేదికలపై రాసే ఔత్సాహిక రచయితకు పాఠకుడు తొలుత సంఖ్యారూపంలోనే ఎదురవుతాడు. ఎందరు చదివారు, ఎన్ని తారలు ఇచ్చారు, ఎందరు అనుసరిస్తున్నారు అనే లెక్కలు రచన పక్కనే కనిపిస్తాయి. ఈ లెక్కల మీద మితిమీరిన శ్రద్ధ రచనాస్వరూపాన్ని ఎలా మారుస్తుందో, ఆ మార్పును అర్థం చేసుకోవడానికి రాజశేఖరుని భావకవిభజన ఎంతవరకు ఉపకరిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సంగారెడ్డి జిల్లా రాయికోడ్, జహీరాబాద్ ప్రాంతాల భాషాసందర్భాన్ని ఆధారంగా తీసుకొని, సంఖ్య ఒత్తిడికి మొదట లొంగేది ప్రాంతీయ నుడికారమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అంతర్జాల రచన, రేటింగు, భావకుడు, సహృదయుడు, కావ్యప్రయోజనం, మాండలికం, రాయికోడ్, సంగం రేడియో.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో రాయాలనుకునే యువతకు ఒకప్పుడు వారపత్రిక సంపాదకుని అంగీకారమే తొలి గడప. ఇవాళ చేతిలోని ఫోనే ఆ గడప. 2014లో బెంగళూరు కేంద్రంగా ఆరంభమైన ప్రతిలిపి వంటి వేదికలు తెలుగుతోపాటు పలు భారతీయభాషల్లో ఎవరైనా, ఎక్కడినుంచైనా కథ ప్రచురించుకునే వీలు కల్పించాయి. రాయికోడ్ వంటి మండలకేంద్రంలో ఉండి రాసే యువతికి హైదరాబాదులోని పత్రికాకార్యాలయంతో పరిచయం అక్కర లేకపోయింది. ఇది చిన్న మార్పు కాదు.

అయితే గడప తొలగిన చోట తక్కెడ వచ్చింది. ప్రచురించిన గంటకే అయిదు తారల కొలమానంలో తీర్పు కనిపిస్తుంది. పక్కనే మరొకరి కథకు వచ్చిన లెక్క కూడా కనిపిస్తుంది. పాఠకాదరణను కోరుకోవడం రచయితకు దోషం కాదు. పాఠకుని స్థానంలో పాఠకసంఖ్య వచ్చి కూర్చున్నప్పుడు రచనకు ఏమవుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. యశస్సు - సద్యఃపరనిర్వృతి:
కావ్యప్రకాశంలో మమ్మటుడు చెప్పిన ఆరు కావ్యప్రయోజనాల్లో యశస్సు మొదటిది, అర్థం రెండవది. కీర్తికాంక్షను ఆలంకారికులు చిన్నచూపు చూడలేదనడానికి ఇది చాలు. కాని అదే పట్టికలో సద్యఃపరనిర్వృతి కూడా ఉంది. తక్కిన ప్రయోజనాలన్నింటికీ అది తలమానికమని మమ్మటుడే వివరించాడు. ఇక్కడ గమనించదగిన విషయం 'సద్యః' అనే పదం. వెంటనే కలగవలసింది రసానందం. కీర్తికి ఆ తొందర విధించలేదు. తారల పద్ధతి ఈ క్రమాన్ని తారుమారు చేస్తుంది. కీర్తి సద్యఃఫలమవుతుంది, ఆనందం వాయిదా పడుతుంది.

కీర్తికి కాలం పడుతుందనడానికి ఆధునిక సాహిత్యంలోనే నిదర్శనాలున్నాయి. శ్రీశ్రీ మహాప్రస్థానగీతాల్లో ఎక్కువభాగం 1930వ దశకంలో రాసినవి. పుస్తకం వెలువడింది 1950లో. చలం యోగ్యతాపత్రం 1940 నాటిది. అంటే పుస్తకం పాఠకలోకానికి చేరడానికి పదేళ్ల ముందే ఒక సమర్థుడైన పాఠకుని స్పందన కవికి అందింది. ఆ దశాబ్దంలో కవికి దొరికింది లెక్క కాదు, చదువరి.

3. రాజశేఖరుని భావకులు:
రచనను ఆస్వాదించి విలువ కట్టేవానిని రాజశేఖరుడు కావ్యమీమాంసలో భావకుడన్నాడు. అరోచకి, సతృణాభ్యవహారి అని భావకులు ఇద్దరేనని మంగళుడు చెప్పగా, రాజశేఖరుడు మత్సరి, తత్త్వాభినివేశి అనే మరో ఇద్దరిని చేర్చి నలుగురని నిర్ణయించాడు. అరోచకికి ఏదీ రుచించదు. సతృణాభ్యవహారి అన్నంతోపాటు గడ్డినీ మింగేవాడు, అంటే మంచిచెడ్డలు చూడకుండా అన్నింటినీ మెచ్చుకునేవాడు. మత్సరి గుణం కనబడినా అసూయతో కప్పిపుచ్చుతాడు. తత్త్వాభినివేశి రచన లోతును పట్టుకోగలవాడు. అటువంటివాడు వేలల్లో ఒకడు.

ఈ విభజనను అంతర్జాల రేటింగులకు అన్వయిస్తే వాటి స్వభావం స్పష్టమవుతుంది. సతృణాభ్యవహారి ప్రతి కథకూ అయిదు తారలు ఇస్తాడు. పరస్పరం మెచ్చుకునే రచయితల బృందాలు ఈ కోవలోకి వస్తాయి. అరోచకి, మత్సరి ఇద్దరూ ఒక తారతో సరిపెడతారు. కాని ఆ ఇద్దరి కారణాలు వేరు. తత్త్వాభినివేశి మూడో నాలుగో తారలిచ్చి, ఎందుకిచ్చాడో నాలుగు వాక్యాల్లో చెబుతాడు. సగటు తీసినప్పుడు ఈ నలుగురూ ఒకే దశాంశసంఖ్యలో కలిసిపోతారు. ఎవరి తార ఎవరిదో తెలియదు. రాజశేఖరుడు భావకులను విడదీసి చూపితే, రేటింగు వారిని విడదీయరాకుండా కలిపేస్తుంది. అందువల్ల నాలుగు పాయింట్ల రెండు అనే సంఖ్య రచయితకు మెప్పునో నొప్పినో కలిగించగలదు గాని, తదుపరి వాక్యం ఎలా రాయాలో చెప్పలేదు.

మత్సరి ఉనికి కేవలం శాస్త్రోక్తం కాదు. 2023 డిసెంబరులో, తొలి నవల అచ్చుకాబోతున్న ఒక అమెరికన్ రచయిత మారుపేర్లతో ఖాతాలు తెరిచి, తోటి కొత్త రచయితల పుస్తకాలకు గుడ్‌రీడ్స్‌లో తక్కువ తారలు ఇచ్చిన సంగతి బయటపడి, ప్రచురణకర్త ఆ నవలను ఉపసంహరించుకోవలసి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఎలిజబెత్ గిల్బర్ట్ 'ది స్నో ఫారెస్ట్' నవల విడుదలను ఆపివేశారు. రష్యా నేపథ్యం కారణంగా, ఇంకా ఎవరూ చదవని ఆ పుస్తకానికి వందలకొద్దీ ఒక తార రేటింగులు వచ్చాయి. ఆ పాఠకుల ఆవేదన యుద్ధం నుంచి వచ్చింది, దాన్ని కాదనలేం. కాని చదవని పుస్తకానికి పడిన తార పుస్తకాన్ని గురించి ఏమీ చెప్పదు.

4. సంఖ్య సంఖ్యను పెంచడం:
ఎక్కువమంది చదివినదే మంచి రచన అయివుంటుందనే భావన ఔత్సాహికులను కుంగదీస్తుంది. ఈ భావనను పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు 2006లో 'సైన్స్' పత్రికలో దాని ఫలితాలు ప్రకటించారు. అంతగా పేరులేని బృందాల 48 పాటలను 14,000 మందికి పైగా శ్రోతల ముందుంచారు. కొందరికి పాటలు మాత్రమే చూపారు. మిగిలినవారిని ఎనిమిది సమూహాలుగా విడదీసి, తమ సమూహంలో ఒక్కో పాటను ఎందరు దించుకున్నారో కూడా చూపారు. లెక్కలు కనిపించిన సమూహాల్లో గెలిచిన పాటకూ ఓడిన పాటకూ మధ్య అంతరం పెరిగింది. ఒక సమూహంలో ముందు నిలిచిన పాట మరో సమూహంలో వెనకబడింది. మరీ మంచి పాటలు అరుదుగా అడుగున పడ్డాయి, మరీ నాసివి అరుదుగా పైకి వచ్చాయి. మధ్యలో ఉన్నవాటి గతి మాత్రం ఊహకు అందలేదు. కనిపించే సంఖ్య తనను తానే పెంచుకుంటుందని దీని సారాంశం. ఔత్సాహిక రచనల్లో అధికభాగం ఆ మధ్యశ్రేణికే చెందుతాయి గనుక, ఈ ఫలితం వారికి నేరుగా వర్తిస్తుంది.

కొలమానమే లక్ష్యమైనప్పుడు అది మంచి కొలమానంగా మిగలదన్న సూత్రం 1975లో ఆర్థికశాస్త్రవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ చేసిన పరిశీలన నుంచి వచ్చింది. సాహిత్యంలో దీనికి తెలుగువారి సొంత ఉదాహరణే ఉంది. పద్యనాటకరంగంలో 'వన్స్‌మోర్' ప్రేక్షకుడు ఇచ్చే తార. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు ఊరూరా మారుమోగడం వెనుక ఆ కేక ఉంది. కాని వన్స్‌మోర్ కోసమే రాగం సాగదీసినప్పుడు రాయబారం మధ్యలో ఆగిపోయేది, పాత్ర తప్పుకొని గాయకుడు మిగిలేవాడు. పద్యం గెలిచి నాటకం ఓడింది. అంతర్జాల ధారావాహికల్లో ప్రతి భాగమూ కొసన ఒక ఉలికిపాటుతో ముగియడం ఇదే పరిణామం. భాగం గెలుస్తుంది, కథ ఓడుతుంది.

సగం రాసినదాన్ని ఇతరులకు వినిపించరాదని, వినిపిస్తే ఆ రచన పూర్తికాదని రాజశేఖరుడు హెచ్చరించాడు. అది విశ్వాసంగా కనిపించినా అందులో అనుభవం ఉంది. మూడో భాగానికి తారలు తగ్గితే నాలుగో భాగంలో పాత్ర స్వభావం మారుతుంది. అయిదో భాగం రాకపోవచ్చు కూడా.

5. రాయికోడ్ నుడి - సంఖ్య ఒత్తిడి:
రాయికోడ్, జహీరాబాద్ ప్రాంతాలు కర్ణాటకలోని బీదరుకు చేరువలో ఉన్నాయి. ఇక్కడి తెలుగు కన్నడ, ఉర్దూ, మరాఠీ భాషల పొరుగున పెరిగింది. ఈ నుడిలో రాసిన కథను దూరప్రాంతపు పాఠకుడు తెరచినప్పుడు కొన్ని మాటల దగ్గర ఆగుతాడు. అచ్చుపుస్తకంలో ఆ ఆగడం పఠనంలో భాగం. ఫోన్ తెరమీద అది తదుపరి కథకు జారిపోయే క్షణం. సంఖ్య ఏ మాటనూ నిషేధించదు. అర్థం కాలేదన్న ఒక సమీక్ష, తగ్గిన ఒక తార చాలు. తరువాతి కథలో ఆ మాట కనబడదు. దానిస్థానంలో టెలివిజన్ ధారావాహికల నుంచి అలవడిన, ఏ ఊరిదీ కాని తెలుగు వస్తుంది. ఎవరూ బలవంతపెట్టలేదు గనుక రచయితకు ఇది నష్టంగా తోచదు, మెరుగుదలగా తోస్తుంది.

తెలంగాణ సాహిత్యచరిత్రలో సంఖ్యకు మరొక పాత్ర ఉంది. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అందులో 354 మంది కవులకు చోటు దక్కింది. ఆ సంఖ్య ఉనికిని నిరూపించింది. కవులను ఒకరిమీద ఒకరిని పేర్చలేదు. లెక్కించడం వేరు, తూచడం వేరు. మొదటిది చేర్చుతుంది, రెండవది వరుస కడుతుంది.

జహీరాబాద్ సమీపంలోని మాచనూరులో 2008లో ప్రసారాలు ఆరంభించిన సంగం రేడియో ఈ సందర్భంలో పరిశీలనార్హం. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘాల తోడ్పాటుతో, దళితస్త్రీల నిర్వహణలో నడిచిన ఈ సామాజిక రేడియో తన శ్రోతల భాషలోనే మాట్లాడింది. విత్తనం, వంట, పాట, పండుగ అందులో విషయాలు. వ్యాపారప్రసారాలకు రేటింగు ప్రాణం. ప్రకటనల ధర దానిమీదే ఆధారపడుతుంది. సంగం రేడియోకు ఆ అవసరం లేదు. వినేవారే వచ్చి మాట్లాడేవారు కావడం వల్ల, ఆదరణ కొలిచే సంఖ్య కాకుండా పాల్గొనే మనిషి అయింది. మాండలికం అక్కడ అడ్డంకి కాలేదు, ఆధారమైంది.

6. పూర్వపక్షం - సమాధానం:
సంపాదకుల కాలం కూడా నిష్పాక్షికం కాదనే వాదన బలమైనది. ప్రాంతం, కులం, పరిచయం పత్రికల ఎంపికను ప్రభావితం చేసిన సందర్భాలున్నాయి. తెలంగాణ నుడి చాలాకాలం హాస్యపాత్రలకే పరిమితమైంది. వారపత్రికల స్వర్ణయుగంలోనూ సర్క్యులేషన్ అనే సంఖ్య ఉంది. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం పొందిన ఆదరణ ఆ తరహా ధారావాహికలకు దారి చూపింది. అలాంటప్పుడు పాఠకుని తారనే తప్పుపట్టడం న్యాయమా?

ఈ వాదనలో సత్యముంది. ప్రవేశం విషయంలో అంతర్జాలం ప్రజాస్వామికం. కాని సర్క్యులేషన్ పత్రికకు చెందిన లెక్క, కథకు పక్కన అచ్చయ్యే లెక్క కాదు. దాని ఒత్తిడిని సంపాదకుడు భరించేవాడు. ఇప్పుడు ఆ బరువు ఇరవై ఏళ్ల ఔత్సాహికుని భుజం మీద నేరుగా పడుతోంది. పైగా తిరస్కరించిన సంపాదకునితో వాదించవచ్చు, మరో పత్రికకు పంపవచ్చు. సగటుతో వాదించడానికి మనిషి లేడు. లోకులు అన్నంత మాత్రాన కవి తనను తాను తక్కువ చేసుకోరాదని, లోకం నిరంకుశం గనుక తన్ను తానే తెలుసుకోవాలని రాజశేఖరుడు చెప్పిన మాట ఇక్కడ ఓదార్పు కాదు, రచయిత పాటించవలసిన క్రమశిక్షణ.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి: రేటింగు వేర్వేరు భావకులను ఒకే సంఖ్యగా మార్చుతుంది గనుక అది విమర్శ కాజాలదు. రెండు: కనిపించే సంఖ్య తనను తానే పెంచుకుంటుంది గనుక అది నాణ్యతకు నమ్మదగిన సూచిక కాదు. మూడు: ఆ సంఖ్యను లక్ష్యంగా చేసుకున్న రచన ముందుగా వదులుకునేది తన ఊరి మాటను.

రేటింగులను చూడవద్దని యువరచయితకు బోధించడం తేలిక. 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనలు ప్రవేశపెట్టిన తరువాత ఏపీఐ స్కోర్లు కూడుకుని, వ్యాసాలను పాయింట్లుగా లెక్కించిన అధ్యాపకలోకం ఆ బోధకు ఎంతవరకు అర్హమో ఆలోచించుకోవాలి. అధ్యాపకులు చేయగలిగినది బోధ కంటె చిన్నది, కష్టమైనది. తరగతిలో ఎవరో ఒకరు అంతర్జాలంలో కథ రాస్తూనే ఉంటారు. ఆ కథను పూర్తిగా చదివి, ఏ వాక్యం నిలిచిందో, ఏ మాట ఆ ఊరికే చెందిందో, ఎక్కడ కథ తారకోసం వంగిందో ఎదురుగా కూర్చుని చెప్పాలి. వేలల్లో ఒకడని రాజశేఖరుడు చెప్పిన తత్త్వాభినివేశి రాయికోడ్‌లో రాసే విద్యార్థికి దొరకవలసిన చోటు కళాశాలే. అక్కడ దొరకకపోతే, ఆ విద్యార్థి తారలు లెక్కపెట్టుకోవడాన్ని తప్పుపట్టే అధికారం విమర్శకు ఉండదు.