అంతరిక్ష సంధిపత్రముల భాష

చంద్రమండలము మానవజాతి యందఱి సొత్తని 1967వ సంవత్సరపు అంతరిక్ష సంధిపత్రము శాసించినదని పలువురు తఱచుగా చెప్పుచుందురు. మే మా పత్రమును మూలముతో సరిచూచితిమి. అందు అట్టి వాక్య మెచ్చటను లేదు. అంతరిక్షమును శోధించుట, వినియోగించుట యను కార్యములు సకల దేశముల మేలుకొఱకు జరుగవలయుననియు, ఆ కార్యములు సర్వమానవజాతికి చెందినవనియు మాత్రమే మొదటి ప్రకరణము చెప్పుచున్నది. అందఱిదని చెప్పబడినది చంద్రుడు కాదు, చంద్రునియెడ జరుగు పని. కర్తృపదము నొక్కదానిని గమనింపకున్న నింత యర్థభేదము కలుగును. కావున నిట్టి పత్రములను చదువవలసిన తీరును గూర్చి కొంత విచారింతము.

ఈ సంధిపత్రమునకు ఇంగ్లీషు, రష్యను, ఫ్రెంచి, స్పానిషు, చైనా భాషలలోని ప్రతు లైదును సమాన ప్రామాణ్యము గలవి. మొదటి ప్రకరణమున ఇంగ్లీషు ప్రతి 'ప్రావిన్సు' అను పదమును వాడినది. అధికారక్షేత్ర మని దాని భావము. రష్యను ప్రతిలోని 'దొస్తొయానియె' అను పదమునకు సొత్తని యర్థము. ఫ్రెంచి ప్రతిలోని 'అపనాజ్' పూర్వము రాజు తన చిన్నకొడుకుల కిచ్చు భూవసతికి పేరు. స్పానిషు ప్రతి యీ కార్యములు మానవజాతికి సంబంధించినవను క్రియాపదముతో సరిపుచ్చినది. ఇట్లు ప్రతులు భిన్నించునప్పుడు సంధియొక్క ప్రయోజనమును బట్టి యన్నిటికిని పొసగు నర్థమును గ్రహింపవలెనని 1969వ సంవత్సరపు వియన్నా ఒడంబడిక విధించుచున్నది. ఒక్క ఇంగ్లీషు ప్రతిని చదివి తీర్పు చెప్పుట తగదని దీనివలన తేలుచున్నది.

ఇక రెండవ ప్రకరణము. సార్వభౌమత్వమును చాటియు, వినియోగించియు, ఆక్రమించియు, మఱి యే యితర విధముననైనను ఏ రాజ్యమును అంతరిక్షమును తనది చేసికొనరాదు. మాట స్పష్టమే. కాని చంద్రునిపై త్రవ్వి తీసిన ఖనిజము మాటేమి? తీసినవానిదే యని అమెరికా 2015లోను, లక్సెంబర్గు 2017లోను చట్టములు చేసికొన్నవి. సముద్ర మెవ్వరిదియు కాకున్నను పట్టిన చేప పట్టినవానిదే గదా యని వారి వాదము. ఈ పోలిక మన కంత తృప్తికరముగా లేదు. మన పల్లెలలో చెరువు ఊరందఱిది. చేపలకు పాట పెట్టుదురు. పాట సొమ్ము ఊరి నిధికి చేరును. అంతరిక్షమున పాట పెట్టువా రెవరు? 1979వ సంవత్సరపు చంద్ర ఒడంబడిక యీ లోటును తీర్పబూనినది. చంద్రుడును, అందలి సహజ సంపదలును మానవజాతి యుమ్మడి వారసత్వమని యది నేరుగా పలికినది. అట్లు నేరుగా పలికినందుననే కాబోలు, అమెరికా, రష్యా, చైనాలలో నేదియు అందు చేరలేదు.

అస్పష్టతను సమర్థించువారును కలరు. పరస్పరము వైరము వహించిన రాజ్యములచే 1967లో చేవ్రాలు చేయించుటకు మెత్తని మాటలే పనికివచ్చినవని వారందురు. అందు కొంత సత్యము కలదు. అయినను కచ్చితముగా వ్రాయుట యసాధ్యము కాదని 1972వ సంవత్సరపు బాధ్యతా ఒడంబడిక ఋజువు చేయుచున్నది. భూమిపై గలిగిన నష్టమునకు, తప్పున్నను లేకున్నను, ప్రయోగించిన రాజ్యము పరిహార మీయవలెనని యది తేటగా చెప్పినది. 1978లో సోవియట్టు ఉపగ్రహము కాస్మాస్ 954 అణుధార్మిక శకలములతో కెనడాపై బడెను. కెనడా 60 లక్షల డాలర్లకు పైగా కోరి, 1981లో 30 లక్షలకు సమాధానపడెను. మాట తేటగా నున్నచోట బాధితునకు కొంతయైన దక్కును.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. ఎవరి భూభాగమునుండి ప్రయోగము జరిగెనో ఆ రాజ్యము కూడ 'ప్రయోగించిన రాజ్యమే' యని 1972వ సంవత్సరపు నిర్వచనము. అనగా మన శ్రీహరికోటనుండి పైకెగసిన పరదేశపు ఉపగ్రహమునకు భారతదేశమును ఉత్తరవాదియే. ఆ పరిహారము ప్రజల పన్నులనుండి రావలసినదే. మఱియు భారతదేశము 1982లో చంద్ర ఒడంబడికపై చేవ్రాలు చేసి, దానిని స్థిరీకరింపక విడిచినది. ఖనిజములను తీయుట స్వభావతః ఆక్రమణము కాదని చెప్పు ఆర్టెమిస్ ఒప్పందములపై 2023లో చేవ్రాలు చేసినది. రెండు పడవలపై కాళ్లుంచిన యీ స్థితిని గూర్చి పౌరులు ప్రశ్నింపవలెనన్న, ముందుగా వాక్యము తెలియవలెను గదా.

కావున మన పండితులకును అనువాదకులకును మా విన్నప మిది. ఈ పత్రములను తెనిగించునపుడు మూలము సందిగ్ధముగా నున్నచోట సందిగ్ధముగానే యుంచి, ఆ సంగతిని చదువరికి తెలుపుడు. అందము కొఱకు 'సొత్తు' అని వ్రాసినచో, రాజ్యము లీయని హక్కును ప్రజల కిచ్చినట్లు భ్రమ కలుగును. లేనిది కలదని నమ్మినవాడు దానికై యడుగడు. లేదని యెఱిగినవాడే యడుగును.